కప్పల తక్కెడ

పుంతా అరేనాస్‌లో నవంబరు అంటే గాలి.
వీధి మూలల్లో తాళ్లు కడతారు,
మనుషులు కొట్టుకుపోకుండా పట్టుకోవడానికి.
ఒక చేత తాడు, ఒక చేత లాప్‌టాప్ సంచీ,
అలా వెళ్లేదాన్ని యూనివర్సిటీకి,
నాలుగేళ్ల పిల్లాణ్ణి పది సెకన్ల ముక్కలుగా చూడటానికి.

పిల్లాడి పేరు యెర్కో.
వాళ్లమ్మకు పీతలు ఒలిచే ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెడుతూ
"వీడి గురించి ఏం రాసినా నాకోసారి చదివి వినిపించండి" అంది.
సరేనన్నాను. అప్పటికది తేలిక మాట.

భూమికి ఆ చివర, ఔలు నగరంలో, తూలిక్కి.
ఆమె పేరులోనే గాలి ఉందట, వాళ్ల భాషలో.
మాకు పొద్దున తొమ్మిదికి
ఆమె కిటికీలో అప్పుడే వీధి దీపాలు.
రెండు దేశాల డబ్బు, ఒకే వీడియో.
ఒకరి గుర్తులు ఒకరు చూడకూడదని నియమం.
సౌండు తీసేసి చూడాలని ఇంకో నియమం,
టీచరు గొంతులోని ఆశ
మా చేత మార్కులు వేయిస్తుందని.

అడిగిన పది సెకన్లలో స్పందిస్తే ఒకటి.
లేకపోతే సున్న.

నెలాఖరున మా ఇద్దరి చూపులూ ఎంత కలిశాయో లెక్క కట్టాం.
ఆ లెక్క పేరు కప్పా.
పేరుకు తగ్గట్టే
తక్కెడలో ఒకదాన్ని కూర్చోబెడితే ఇంకోటి గెంతింది.
సున్న పాయింట్ నాలుగు ఒకటి.
"నలభై ఏడో ముక్కలో వాడు గ్లాసు వైపు చూశాడు" అంటుంది ఆమె.
"చూడలేదు, మెడ తిప్పాడంతే" అంటాను నేను.
పందొమ్మిది సార్లు చూశాం.
పందొమ్మిదోసారికి యెర్కో కనబడటం మానేశాడు,
మెడ ఒక్కటే మిగిలింది.

ఉండబట్టలేక లాప్‌టాప్ పట్టుకుని బడికే వెళ్లాను.
రొసాల్బా మన్సియ్యా, పదకొండేళ్లుగా అక్కడ ఆయా,
ఆపిల్ తొక్క తీస్తోంది.
తొక్క తెగకుండా ఓరకంట చూసి
"సౌండేది?" అంది.

పెట్టాను.
రేకుల కప్పు మీద గాలి.
టీచరు మాట ఆ హోరులో మునిగి, తేలి, మళ్లీ మునిగి.

"వాడు ముందు గాలికి బదులు చెప్తున్నాడమ్మా.
అది ఊరుకున్నాక మీకు చెప్తాడు.
నేనైతే రేకులు సద్దుమణిగేదాకా అడగనే అడగను."
ఆపిల్ ముక్కలు లెక్కపెట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

వీడియోలో గాలి ఆగింది, పద్నాలుగో సెకనుకి.
యెర్కో చెయ్యి నీలం గ్లాసు మీద.
మా పది సెకన్లు అప్పటికే తలుపులేసుకుని ఇంటికెళ్లిపోయాయి.

మర్నాడు స్క్రీన్‌కు అటూ ఇటూ చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.
"మొత్తం ఎన్ని సున్నలు?" అంది తూలిక్కి చివరికి.
రెండు వందల ఆరు.

పట్టికలో కొత్త గడి గీశాం: గాలి.
ఆ గడికి ఆధారమేమిటని కమిటీ అడిగింది,
రచయిత ఇంటిపేరు, సంవత్సరం.
మన్సియ్యా అని రాశాను.
సంవత్సరం దగ్గర తూలిక్కి పదకొండు అని వేసింది.
వాళ్లింకా జవాబివ్వలేదు.
కప్పా కూడా యాభై ఎనిమిది దగ్గరే కూర్చుంది,
ఇంకో గెంతు కావాలి.

ఈ సాయంత్రం షిఫ్టు బస్సు రాకముందు
వాళ్లమ్మకు చదివి వినిపించాను, మాట ఇచ్చాను కదా.
సున్నల దగ్గర నా గొంతు తగ్గింది.
ఆమె రబ్బరు చెప్పులకు అంటిన ఉప్పు దులుపుకుంటూ
"ఇంట్లోనూ అంతే" అంది.
"ఫ్రిజ్ మూలుగు ఆపితేగానీ చెంచా ముట్టడు.
మీరు అడగలేదుగా."

గాలి అన్న మాట కొట్టేశాను.
ఆ గడిలో ఏం రాయాలో తెలియలేదు.
ఔలులో ఇప్పుడు అర్ధరాత్రి దాటింది.
తూలిక్కి లేచేదాకా ఆగాలి.